వచ్చేదానికి రెండు వంతులు

మొన్న మా ఇంటి వెనక వరిచేలో మందు కొట్టడానికి డ్రోన్ వచ్చింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్నదాన్ని, ఆ చప్పుడు విని, తడి జాకెట్టు చేతిలోనే పెట్టుకుని గట్టు మీదికి పోయి నిలబడ్డాను. పంతులమ్మగా చేసి రిటైరైన మనిషికి ఇంకేం పని? ఉద్యోగం ఉన్నంతకాలం పిల్లల్ని “కిటికీలోంచి బయటికి చూడొద్దు” అని గదమాయించాను. ఇప్పుడు పొద్దస్తమానం నేను చేసేది ఆ పనే.

దాన్ని నడిపే అమ్మాయి టోపీ పెట్టుకుని, మెళ్లో ఏదో పెట్టె తగిలించుకుని గట్టు మీదే నిలబడి ఉంది. పక్కకు చేరాను.

“ఎంతసేపు ఎగురుద్దమ్మా ఇది?”

“బ్యాటరీ ఉన్నంతసేపు మేడమ్.”

“మధ్యలో అయిపోతే?”

“అయిపోయిందాకా ఉండదు మేడమ్. తిరిగి వచ్చేదానికి సరిపోయేంత ఉండంగానే దానంతటదే మళ్లుకొని వచ్చేస్తది. నేను వద్దన్నా ఇనదు.”

అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగాను. గట్టు మీద కూలబడ్డాను. ఎండదెబ్బ తగిలిందనుకుని ఆ పిల్ల తన సీసాలో నీళ్లు తాగించింది. నాకు తగిలింది ఎండ కాదు. వచ్చేదానికి సరిపోయేంత అన్న మాట. ఆ మాట మా నాయనది.

ఇక్కడ వెంకటాచలం పక్క వరి మధ్యన ఇల్లు కట్టుకున్నానని నన్ను అందరూ రైతుబిడ్డ అనుకుంటారు. నేను పుట్టింది కావలికి తూర్పున, రోడ్డు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోట. ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు, పడవలకు పూసే జీడినూనె, వలల్లో ఎండిన నాచు, కిరసనాయిలు, ఇవన్నీ కలిసిన గాలి మాది. కొత్తవాళ్లెవరైనా మా ఊరొస్తే ముందు ముక్కు మూసుకునేవాళ్లు, ఆ తర్వాత సముద్రాన్ని చూసి నోరు తెరిచేవాళ్లు. మాకు రెండూ అలవాటే గనక ముక్కూ నోరూ వాటి పని అవి చేసుకునేవి.

ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, మా వీధి మొత్తానికి డిగ్రీ చదివినవాడు మా చిన్నాయన ఒక్కడే. ఆముదం మాట ఊరికే తేలేదు, దానితో ముందు పనుంది. చిన్నాయన కావలిలో చదివేటప్పుడు, అక్కడ కాలేజీ పిల్లలకు బొమ్మ విమానాలు చెయ్యడం, ఎగరెయ్యడం నేర్పే మాస్టారు ఒకాయన ఉండేవాడు. చిన్నాయన ఆయన వెంట పడ్డాడు. పెద్ద విమానాలు ఎక్కాలని పరీక్షకు పోతే చెవిలో ఏదో లోపముందని పంపేశారు. మాస్టారు ఒక పాత బుల్లి ఇంజిన్ ఇచ్చి ఓదార్చాడు. నిమ్మకాయంత ఇంజిన్. దాన్ని జేబులో వేసుకుని మా చిన్నాయన ఇంటికొచ్చాడు.

వచ్చి ఏం చేస్తున్నాడంటే, తిరుగుతున్నాడు. అది ఊరంతా అన్న మాట. ఉద్యోగం లేని చదువుకున్నవాణ్ని ఎక్కడైనా అలాగే అంటారు గానీ, మా చిన్నాయన విషయంలో అది అక్షరాలా నిజం. ఆ ఇంజిన్ బిగించి ఆయన చేసుకున్న తీగ విమానాన్ని ఎగరెయ్యడమంటే తిరగడమే. విమానానికి రెండు సన్నటి ఉక్కు తీగలు కట్టి ఉంటాయి. వాటి రెండో కొస ఒక పిడికి. పిడి పట్టుకుని మనిషి మధ్యలో నిలబడతాడు. విమానం ఆయన చుట్టూ తిరుగుతుంది, దానితోపాటు ఆయనా తిరగాలి. మణికట్టు పైకి వంచితే విమానం లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. గానుగలో ఎద్దు తిరుగుతుంది గానీ రోలు తిరగదు. ఇక్కడ రోలు కూడా తిరగాలి.

“మీ చిన్నోడు తిరుగుబోతయినాడంట గదా” అని ఎవరో ఎకసెక్కంగా అంటే మా అవ్వ, “నా బిడ్డ తిరిగేది ఒక్క చోటేనమ్మా. మీ వోడి మాదిరి వీధివీధీ కాదు” అని వాళ్ల నోరు మూయించింది.

తోక పట్టుకోవడం నా ఉద్యోగం. చిన్నాయన అవతల మధ్యలో పిడి పట్టుకుని నిలబడితే, ఇవతల నాయన ముందున్న చెక్క పంకాను వేలితో తిప్పి ఇంజిన్ లేపేవాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని విమానాన్ని వెనకనుంచి గట్టిగా పట్టుకునేదాన్ని. అది నా చేతుల్లో కోడిపుంజులాగా గింజుకునేది. చిన్నాయన తల ఊపితే వదిలెయ్యాలి. నాకు పదకొండో పన్నెండో ఏడు. “వదిలేసేదానికి కూడా ఒక మనిషా?” అని ఊళ్లో పిల్లలు వెక్కిరించేవాళ్లు. వాళ్లకు ఒక్కరోజు కూడా తోక ఇవ్వలేదు నేను. ఆ తర్వాత జీవితంలో నాకింత పెద్ద పదవి మళ్లీ రాలేదు, హెడ్మిస్ట్రెస్ పదవితో కలుపుకునే చెబుతున్నా.

ఇంజిన్‌కు పోసే నూనె చిన్నాయనే కలిపేవాడు. కిరసనాయిలు, ఆముదం, ఆసుపత్రిలో మత్తుకు వాడే ఈథరు. ఈథరు నెల్లూరు నుంచి తెచ్చుకునేవాడు. ఆముదం మాత్రం మా అవ్వ కుండలోంచి. పిల్లల తలకని అవ్వ ఇంట్లో కాచి దాచుకున్న ఆముదం తరిగిపోతుంటే, ఆమె మమ్మల్ని అనుమానించి తలలు వాసన చూసేది. మా తలలు వట్టివి. లోపలా బయటా కూడా. ఒకరోజు విమానం మీదనుంచి వచ్చిన పొగ ముక్కుకు తగిలి, “ఓరి దొంగసచ్చినోడా, నా ఆముదం ఆకాశంలో పోతాండాదే!” అని కర్ర పట్టుకుని ఇసుకలో వెంటపడింది. విమానం ఆముదం తాగింది, చిన్నాయన ఆముదం తాగిన మొహం పెట్టాడు.

ఈథరు సీసా దగ్గర మా దొంగతనాలు మావి. ఒక్క చుక్క చేతి మీద వేసుకుని ఊదితే ఎముక దాకా చల్లన. ఆ ఎండల్లో మాకు అదే ఐసు. పడవ నీడలో నిద్రపోతున్న ఒక పెద్దాయన అరికాలి మీద చుక్క వేశాం ఒకసారి. ఆయన ఎండ్రకాయ పట్టిందని లేచి, కాలు విదిలించుకుంటూ నీళ్లదాకా పరిగెత్తాడు. ఇప్పటికీ ఆసుపత్రిలో ఇంజెక్షనుకు ముందు తడి దూది రాస్తే నాకు నవ్వొస్తుంది. ఆ వెంటనే వేరేది గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది.

ఇక ట్యాంకు సంగతి. అసలు కథంతా అదే.

ఇంజిన్ ముందు ఉంటుంది, దాని వెనక రేకుతో చేసిన చిన్న నూనె ట్యాంకు. ఆ ఇంజిన్‌ను ఆపడానికి మీట అంటూ ఏమీ లేదు. ఒకసారి లేచిందా, ట్యాంకులో నూనె ఉన్నంతసేపూ ఎగరాల్సిందే. నూనె అయిపోతే ఇంజిన్ ఆగి, విమానం గాలిలో జారుకుంటూ వచ్చి ఇసుకమీద దిగుతుంది. అంటే ట్యాంకు ఎంతదైతే ఎగురుడు అంత. చిన్నదైతే ఆట మధ్యలో ఆగిపోతుంది. పెద్దదైతే బరువు. పైగా నిండుగా ఉన్నప్పుడు ఇంజిన్ ఒకలాగా, అడుగంటినప్పుడు ఇంకోలాగా నడుస్తుంది. అన్నింటికంటే ముఖ్యం, మధ్యలో ఉన్న మనిషి ఆ నూనె అయిపోయిందాకా పిడి వదలకూడదు. వదిలితే అది తీగలతో సహా పోయి చూసేవాళ్ల మీద పడుతుంది.

ఎంతసేపు ఎగిరిందో చూడ్డానికి మా దగ్గర గడియారం లేదు, అవ్వ ఉంది. ఆమె పడవ అంచున కూర్చుని వక్కాకు వేసుకునేది. పౌడరు డబ్బా రేకుతో చేసిన మొదటి ట్యాంకు, అవ్వ ఆకుకు సున్నం రాయడం పూర్తయ్యేలోపే అయిపోయింది. రెండోది ఆకు మడిచి బుగ్గన పెట్టుకునేదాకా వచ్చింది. చిన్నాయనకు కావాల్సింది అవ్వ మొదటిసారి ఉమ్మేసేదాకా.

ఎందుకంటే మాస్టారు ఆ ఏడు రిటైరవుతున్నాడు. ఆయన జాగాలో ఇంకొకర్ని తీసుకోవాలి. “నీ పేరు చెప్పినా. పెద్ద సారు ఒకాయన వచ్చి నీ ఎగురుడు చూస్తాడు. పల్టీలు, తలకిందుల ఎగురుడు, ఎనిమిది అంకె, అన్నీ వరసగా చెయ్యాల. మధ్యలో ఆగగూడదు” అని కబురు చేశాడు. కాలేజీ మైదానం ఏదో పనికని తవ్వేసి ఉందట, మా ఊరి ఇసుకలోనే చూస్తామన్నారు.

ఆ ఉద్యోగం చిన్నాయనకంటే ఎక్కువగా అవ్వకు కావాలి. “ఒక్క బిడ్డన్నా నేలమీద ఉజ్జోగం చేసుకోని బతకాల” అనేది. దానికో కారణముంది.

మా ఇంటికి ఇంజిన్ పడవ వచ్చిన కొత్తలో, నాయనా తాతా వేటకు పోయి బాగా లోపలికి వెళ్లిపోయారు. మంచి వేట పడింది. తిరుగు ముఖం పట్టాక నూనె అయిపోయింది. ఆ పూటే గాలి తిరిగింది. పడవ దక్షిణంగా కొట్టుకుపోయింది. నీళ్ల కుండ అయిపోయింది. పులికాట్ పక్కన ఒడ్డుకు తగిలేసరికి నాయన ఒక్కడే బతికున్నాడు. తాత దాహంతో నాయన ఒళ్లోనే పోయాడు. నాయన ఆయన్ని ఒడ్డు దాకా తెచ్చాడు గానీ, ఆ పడవలోంచి నాయన మాత్రం పూర్తిగా ఎప్పుడూ దిగలేదనుకుంటాను.

అప్పట్నుంచి ఆయనకు ఒకటే లెక్క. పడవలో నూనె పోసేటప్పుడు పైకి చెప్పుకుంటూ పోసేవాడు. “పొయ్యేదానికొకటి. వచ్చేదానికి రెండు.” పొయ్యేటప్పుడు పడవ ఖాళీ, తెల్లవారుజామున గాలి మనవైపు. వచ్చేటప్పుడు బరువు, ఎదురు నీళ్లు. ఊళ్లో ఇంజిన్లు పెరిగేకొద్దీ ఆ మాట అందరిదీ అయింది. పిల్లలం అన్నం కూడా అలాగే అడిగేవాళ్లం. “బడికి పొయ్యేదానికొక ముద్ద, వచ్చేదానికి రెండు.”

ట్యాంకు చెయ్యాల్సింది నాయనే. నూనె డబ్బాలకు మాట్లు వేసుకుని వేసుకుని రేకు పనిలో ఆయన చెయ్యి తిరిగింది. చిన్నాయన కాగితం మీద గీసిచ్చాడు. నాయన చేసి తెచ్చింది దానికి రెట్టింపు ఉంది. ఆ సాయంత్రం చేపల పులుసు కంచాల ముందు కూర్చుని అన్నదమ్ములు పెట్టుకున్న పోట్లాట నాకు పులుసులో మామిడి ముక్కతో సహా గుర్తుంది.

“అన్నా, నేను గీసిందేంది, నువ్వు చేసిందేంది?”

“నువ్వు వచ్చేదానికి లెక్క గట్టలేదబ్బయ్యా.”

“యాడికి పొయ్యిందని వచ్చేదానికి? నా చుట్టూతానే గదా తిరిగేది!”

“నూనె అయిపోతే ఆగిపోద్దా లేదా?”

“ఆగిపోవాలన్నా! ఆగితేనే దిగేది. నూనె అయిపోవడమే దిగడం.”

నాయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. “నడిమధ్యన నూనె అయిపోడం మంచిదంటాండావా?” అన్నాడు చిన్నగా. “నా ముందరా, ఆ మాట?”

అమ్మ లేచి నాయన కంచంలో ఇంకో గరిటె పులుసు పోసింది. చిన్నాయన తల వంచుకున్నాడు. చివరికి ఆయనే మెత్తబడి అన్నాడు. “సరేలే అన్నా. నీ ట్యాంకే బిగిస్తా. కానీ సగమే పోస్తాం. సగానికి అన్ని ఆటలూ అయిపోయి కాస్త మిగులుద్ది గూడా. సరేనా?”

“సగమే పోసేదానికి అంత ట్యాంకెందుకో” అంది అవ్వ.

“నీ బోసినోటికి అంత వక్కాకెందుకో” అన్నాడు చిన్నాయన. అందరం నవ్వాం. నాయన కూడా నవ్వాడు. పోట్లాట తీరిపోయిందనుకున్నాం.

తర్వాత రోజుల్లో సగం ట్యాంకుతో ఎగరేసి చూశాడు. అన్ని ఆటలూ అయ్యాక ఇంకొక్క చుట్టు తిరిగి, ఆగి, మెత్తగా దిగింది. అవ్వ అప్పుడే ఉమ్మేసింది. చిన్నాయన నన్ను భుజం మీద ఎక్కించుకుని గంతులేశాడు.

సారు వచ్చే రోజుకని కాపులు, అంటే మా ఊరి పెద్దలు, దురాయి వేశారు. దురాయి అంటే ఊరి కట్టడి. ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్లలో దిగరాదు. మామూలుగా చావుకో జాతరకో వేస్తారు. మా చిన్నాయన బొమ్మకు వేశారని నేను బడిలో తల ఎగరేసుకుని తిరిగాను. అమ్మ వంజరం చేపల పులుసు పెట్టింది. అవ్వ కొత్త చీర కట్టుకుని, వక్కాకు సంచి సవరించుకుని పడవ ఎక్కి కూర్చుంది.

చిన్నాయన తెల్లారే పోయి, నీళ్లకు దగ్గరగా తను నిలబడే జాగా చూసి అక్కడ గుర్తుకు ఒక తెడ్డు పాతాడు. ఆ ఏడే మా ఊరి పక్కన రొయ్యపిల్లల కేంద్రం ఒకటి లేచింది. దానికోసం ఊరికీ నీళ్లకూ నడుమ ఇసుక మీదుగా స్తంభాలు పాతి పెద్ద కరెంటు తీగలు లాగారు. మాకు ఇళ్లలో బుడ్డి దీపాలే, రొయ్యపిల్లలకు మాత్రం రాత్రీ పగలూ కరెంటు. చిన్నాయన ఆ తీగలకు ఎంత దూరం పోవచ్చో అంత దూరం పోయి తెడ్డు పాతాడు. నేనే పక్కనుండి చూశాను.

పొద్దున్నే వస్తామన్న సారు మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చాడు. అప్పటికి సముద్రపు గాలి లేచింది.

తీగ విమానానికి గాలి ఏం చేస్తుందో నాకు చిన్నాయన ముందే చెప్పాడు. విమానం సముద్రం వైపుకు పోయినప్పుడు గాలి దాన్ని లోపలికి తోస్తుంది, తీగ వదులవుతుంది. తీగ బిగించాలంటే మనిషి వెనక్కి, అంటే ఊరివైపు, అడుగేయాలి. విమానం ఊరివైపుకు వచ్చినప్పుడు గాలి దాన్ని బయటికి లాగుతుంది, ఆ లాగుడుకు మళ్లీ ఊరివైపే అడుగు పడుతుంది. ఎటు తిరిగినా అడుగు మాత్రం పడమటికే. తిరిగే మనిషికి ఆ సంగతి తెలియదు, కళ్లన్నీ విమానం మీదే ఉంటాయి.

అందుకే పిడి దగ్గరికి పొయ్యేముందు చిన్నాయన నాయన భుజం పట్టుకున్నాడు. “అన్నా, సగం. గుర్తుండాది గదా? గాలి ఎక్కువుండాది, బిరబిరా దిగిపోవాల.”

“గుర్తుండాదిలే పో. దేవుణ్ని తలుచుకోని పో.”

నేను తోక పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. నాయన సిరంజితో సగం పోశాడు. ఆగాడు. కుర్చీలో కూర్చున్న సారును చూశాడు. తలెత్తి గాలిని చూశాడు, పడవ తియ్యబోయే ముందు చూసినట్టే. మళ్లీ సిరంజి నింపాడు.

“నాయనా, సగమే అన్నాడు గదా?” అన్నాను.

“గాలుండాది గదమ్మా” అన్నాడు నాయన. కోపంగా కాదు, లాలనగా. “గాలున్నప్పుడు ఇంకా పొయ్యాల. పెద్దోళ్లు వచ్చుండారు, వాళ్ల ముందర ఆగిపోతే తలకాయ ఎత్తుకోగలడా వాడు?” ట్యాంకు పైగొట్టంలోంచి నూనె పొర్లి నా వేళ్ల మీద పడింది. చల్లగా తగిలింది. ఆ చల్లదనం నాకిష్టం. ఆయన పెదవులు కదిలాయి. ఏమంటున్నాడో వినక్కర్లేదు. మా ఊళ్లో ఏ ఇంటి మగవాడైనా ఆ గాలిలో ఆ పనే చేసుండేవాడు, ఏ ఇంటి పిల్లయినా సరేననుకునేది.

ఇంజిన్ లేచింది. చిన్నాయన తల ఊపాడు. వదిలేశాను.

అంత చక్కగా ఆయన ఎన్నడూ ఎగరెయ్యలేదు. విమానం నిట్టనిలువునా లేచి పల్టీ కొట్టింది. తలకిందులై ఇసుకను ఆనీ ఆనకుండా పోయింది. సముద్రం మీద ఎనిమిది అంకె గీసింది. ఊరు ఊరంతా అరిచింది. చివరి ఆట కాగానే మాస్టారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. సారు ఆయన వైపు ఒరిగి, “బాగుంది, ఉద్యోగం మీవాడిదే. ఇంక దించమనండి” అనడం మేం విన్నాం. నాయన విన్నాడు. నాయన మొహం అలా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు.

“దించేది లేదు సార్, నూనె అయిపోవాల. అయిపోయుంటది, ఇప్పుడే ఆగుద్ది” అన్నాడు మాస్టారు.

ఆగలేదు.

చిన్నాయన విమానాన్ని నేరుగా పోనిస్తూ చుట్లు తిరుగుతున్నాడు. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని ఎదురుచూస్తున్నాడని ఆయన నిలుచున్న తీరులోనే తెలుస్తోంది. సగమే ఉందని కదా ఆయన లెక్క. చుట్టుకొక అడుగు పడమటికి పడుతోంది. తెడ్డు ఆయనకు చాలా దూరమైపోయింది. ఆయన వస్తుంటే జనం నవ్వుకుంటూ, అరుచుకుంటూ లేచి పక్కకు తప్పుకుంటున్నారు. పడవ మీద అవ్వ రెండోసారి ఉమ్మేసి, “ఇంకా దిగలేదేందే పిల్లా” అంది నాతో.

ముందు మాస్టారికి తెలిసింది. “తీగలు! కరెంటు తీగలు!” అని రెండు చేతులూ ఎత్తి పరిగెత్తాడు. ఆ ఇంజిన్ హోరులో చెవి లోపమున్న మనిషికి ఏం వినబడుతుంది? నాయన మాస్టారిని దాటి పరిగెత్తాడు. “పారెయ్ రా! పిడి పారెయ్!” అని అరిచాడు. చిన్నాయన ఒకసారి నాయన వైపు తిరిగి చూశాడు. నాయన వెనక పిల్లలం ఉన్నాం, ఊరుంది. పిడి వదల్లేదు. మణికట్టు కిందికి వంచబోయాడు, నేలకు కొట్టేద్దామని. అప్పటికే విమానం స్తంభాల అవతలికి పోయింది. ఉక్కు తీగలు పోయి కరెంటు తీగల మీద వాలాయి.

పెద్ద చప్పుడేమీ కాలేదు. మెరిసింది, అంతే. చిన్నాయన అటే ఒరిగి పడ్డాడు. ఇసుక ఆయన్ని మెత్తగానే పట్టుకుంది.

నాయన్ని నలుగురు పట్టుకుని ఆపారు. రొయ్యపిల్లల కేంద్రం వాళ్లు కరెంటు ఆపిందాకా ఎవరూ చిన్నాయన దగ్గరికి పోకూడదు. ఆ కాసేపూ ఊరు ఊరంతా చేతులు ముడుచుకుని నిలబడి చూసింది. సముద్రంలో మునిగిపోయేవాడి కోసం ఏ వేళనైనా దూకే మనుషులు, పొడి ఇసుక మీద ఒక్క అడుగు వెయ్యలేకపోయారు.

కరెంటు పోయాక నేనూ వెళ్లాను, ఎవరూ ఆపలేదు. విమానం పైన తీగలకు చుట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. ట్యాంకు గొట్టంలోంచి నూనె ఒక్కొక్క చుక్కే ఇసుకలో పడుతోంది. ఈథరు, ఆముదం, కిరసనాయిలు వాసన. చిన్నాయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాయన తలెత్తి ఆ చుక్కల్ని చూశాడు. అవి పడుతూనే ఉన్నాయి. ఎంతసేపు చూశాడో. చివరికి అవ్వ వచ్చి కొంగుతో నాయన కళ్లు మూసింది, చనిపోయినవాళ్లకు మూసినట్టు.

“సముద్రం పొట్టన పెట్టుకోకండా చూసుకున్యానే” అంది అవ్వ. “నేల పొట్టన పెట్టుకున్యాది.”

మళ్లీ దురాయి వేశారు. పడవలు ఒడ్డునే పడున్నాయి. పెద్దల ముందర నిలబడి నాయన తనంతట తానే చెప్పాడు. “సగమే అన్న్యాడు. నేను నింపినా.”

కాపుల్లో పెద్దాయన ఇసుక గీరుతూ, “ఆ గాలికి నేనైనా నింపుంటా లేరా” అన్నాడు. పక్కనున్నవాళ్లు తల ఊపారు. ఒక్కరు కూడా తప్పనలేదు. నాయన వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు, ఎవరో ఒకరు అంటారేమోనని. వాళ్లు జాలితో అన్నారో, నిజంగానే అన్నారో గానీ, ఆ రోజు ఊరు ఆయన్ను క్షమించి వదిలేసింది. మోసుకోవాల్సినదంతా ఆయనకే మిగిలింది.

నాయన మళ్లీ వేటకు పోయాడు, పోక తప్పదు. కానీ తన పడవలో తను నూనె పొయ్యడం మానేశాడు. తెల్లవారుజామున డబ్బా తెచ్చి అమ్మ ముందర పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడేవాడు. “ఎంత పొయ్యమంటావు?” అని అమ్మ అడిగేది. అమ్మ మనసులోనే లెక్క చెప్పుకుని పోసేది. ఒకటి, ఆ పైన రెండు. ఆయన బతికినన్నాళ్లూ ఇంటికి తిరిగొచ్చింది ఆ రెండు వంతుల మీదే. ఆ లెక్క సముద్రం మీద ఎన్నడూ తప్పలేదు.

అవ్వ వక్కాకు మానేసింది. ఎండలకాలం పోయింది. మా తలలకు ఆముదం రాయడానికి ఎవరికీ మనసొప్పక, కొబ్బరినూనె కొన్నారు.

చాన్నాళ్లకు నాయన నెల్లూరు ఆసుపత్రిలో మంచం పట్టాడు. నేను సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. చేతికి సెలైన్ ఎక్కుతోంది. ఆయన ఆ సీసాకేసే చూస్తున్నాడు. చుక్క తర్వాత చుక్క. అప్పుడాయనకు మనుషులు సరిగా గుర్తుండడం లేదు. నర్సమ్మ వచ్చి సీసా మారుస్తుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“సగం చాలమ్మా” అన్నాడు. “సగమే అన్న్యాడు వాడు.”

“అట్టా గాదు తాతా, నిండా ఎక్కాల. అప్పుడే నువ్వు ఇంటికి పొయ్యేది” అంది ఆమె.

నాయన నా వైపు చూశాడు. ఆ చూపులో నన్ను గుర్తుపట్టాడు. “ఏం పాపా, నువ్వుండావు గదా ఆ పొద్దు. చెప్పు ఆమెకి” అన్నాడు. నేను నర్సమ్మకు సైగ చేశాను. ఆమె గొట్టం మీద చక్రం కాస్త తిప్పి, తగ్గించినట్టు చూపించింది. “సగమే పెట్టినా తాతా” అంది. నాయన కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడింది లేదు.

గట్టు మీద ఆ అమ్మాయి నా మొహంలోకి వంగి చూస్తోంది. “ఇప్పుడెట్టుంది మేడమ్? ఇంటికాడ దిగబెట్టేదా?”

“బాగానే ఉండాను. నీ పని చూసుకో తల్లీ” అన్నాను.

చేను అవతల డ్రోన్ వరసలు వరసలుగా మందు కొట్టుకుంటూ పోతోంది. చూస్తుండగానే ఆమె మెళ్లోని పెట్టె కీచుమంది. అది వరస మధ్యలోనే ఆగింది. గాలిలో ఒక్క క్షణం నిలబడి, ఇటు తిరిగింది.

“బ్యాటరీ అయిపోయిందా?” అన్నాను.

“లేదు మేడమ్, ఇంకా ఉంది. వచ్చేదానికి ఉంచుకుంటది గదా.”

గాలికి ఎదురుగా, వరి వెన్నులు పక్కకు వాలుతుండగా, అది నేరుగా మా వైపే వచ్చి ఆమె పరిచిన పసుపుపచ్చ పట్టా మధ్యలో దిగింది. రెక్కలు ఆగిపోయాయి. నేను లేచి దగ్గరికి పోయి దాని వెనకవైపు చెయ్యి వేశాను, తోక ఎక్కడుంటుందా అని. దానికి తోక లేదు. పట్టుకోవాల్సిన మనిషి, వదిలెయ్యాల్సిన మనిషి, ఎవరూ అక్కర్లేదు దానికి.

“మేడమ్, ముట్టుకోవద్దు, మందు” అంది అమ్మాయి.

చెయ్యి తీసేసి, తడి జాకెట్టుకు తుడుచుకున్నాను. వేళ్లు చల్లగా ఉన్నాయి.